ఎదుటివారు మాట్లాడుతుంటే మీ మొహం ఏం చేస్తోంది?

ఎన్నికల ముఖాముఖి చర్చకు పిలుపు రాగానే అభ్యర్థులు మొదట చేసేది సమాధానాలు రాయించుకోవడం. అది ఎలాగూ చేస్తారు, చేయండి. ఇక్కడ చెప్పేది ఆ తర్వాతి పని గురించి. పద్దెనిమిదేళ్లుగా హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో ఇలాంటి వేదికల పక్కన కెమెరా పెట్టుకుని నిలబడుతున్నవాణ్ని. మీ గురించి జనానికి ఒక అభిప్రాయం ఏర్పడేది మీరు మైకు పట్టుకున్నప్పుడు కంటే నోరు మూసుకుని కూర్చున్నప్పుడే ఎక్కువ. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఇదొక్కటే.

లెక్క వేసి చూడండి. నలుగురు అభ్యర్థులు, గంటన్నర చర్చ. మీకు వచ్చే మాట వంతు మహా అయితే ఇరవై నిమిషాలు. మిగతా డెబ్బై నిమిషాలు మీరు వింటూ ఉంటారు. ఆ డెబ్బై నిమిషాలకు సిద్ధమై వచ్చిన అభ్యర్థిని నేను ఇద్దరినో ముగ్గురినో చూశాను.

ఒక కాలనీ సంఘం పెట్టిన చర్చ గుర్తుంది. టెంట్‌హౌస్ చెక్క వేదిక, ప్లాస్టిక్ కుర్చీలు, వెనక తెల్ల ఫ్లెక్సీ. రెండు కెమెరాల్లో ఒకటి మాట్లాడేవారి మీద ఉంది. రెండోది నాది, వినేవారి మీద. ఒక పెద్దావిడ లేచి నాలా పొంగిన రాత్రి గురించి చెబుతోంది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో చేత్తో నడుము దగ్గర పెట్టి చూపించింది. సరిగ్గా ఆ క్షణంలో, ఆమె అడుగుతున్న అభ్యర్థి తల వంచి కండువా కొసలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని సరిచేసుకున్నారు. అంతే, నాలుగు సెకన్లు. తర్వాత ఆయన చెప్పిన జవాబు ఆ రోజు నలుగురిలోనూ మెరుగైనది. నాలా ఎక్కడ ఇరుకైందో, ఎవరి ఆక్రమణ ఎంత ఉందో లెక్కలతో చెప్పారు. కానీ మర్నాడు ఫోన్లలో తిరిగింది ఆ జవాబు కాదు. కండువా. దాన్ని శబ్దం లేకుండా చూసినా అర్థమవుతుంది, అందుకే అంత వేగంగా తిరిగింది.

ఆయన ఓడిపోయారు. కండువా వల్లే ఓడిపోయారని చెప్పను. మన దగ్గర ఓటు వెనక పార్టీ, కులం, డబ్బు, అయిదేళ్ల పని, ఇంటి పెద్ద మాట చాలా ఉంటాయి. అయితే అప్పటిదాకా ఎటూ తేల్చుకోని మనిషికి ఆ నాలుగు సెకన్లు ఒక సాకు ఇచ్చాయి.

మొదట, మీరు వింటున్నప్పుడు ఎలా ఉంటారో చూసుకోండి

అద్దం ముందు ప్రసంగం సాధన చేయడం దండగ. అద్దంలో మీరు చూసేది మాట్లాడుతున్న మనిషిని. మీకు కావలసింది వింటున్న మనిషి. ఇద్దరు బంధువులనో స్నేహితులనో పిలవండి, మీతో వాదన పెట్టుకోగల మొండివాళ్లైతే మరీ మంచిది. మీరు కుర్చీలో కూర్చోండి. ఆరడుగుల దూరంలో, కొంచెం పక్కగా, మీ ఛాతీ ఎత్తులో ఫోను పెట్టి మిమ్మల్ని మాత్రమే రికార్డు చేయండి. ఎదురుగా కాక పక్కగా ఎందుకంటే, వేదిక దగ్గర రెండో కెమెరా దాదాపు ఎప్పుడూ పక్కనే ఉంటుంది.

ప్రశ్నలు తేలికవి వద్దు. ఇక్కడ చర్చ పెడితే ఏవి వస్తాయో అందరికీ తెలుసు: 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ మునిగిన కాలనీలు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి ధరలు, కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ ఎందుకు ఇన్నేళ్లు పట్టింది, మామునూరు విమానాశ్రయం సంగతి. వీటి మీద మీ పార్టీనీ, మిమ్మల్నీ తిట్టమనండి. ఇరవై నిమిషాలు తిట్టనివ్వండి. మీరు జవాబు చెప్పకూడదు, వినాలి.

తర్వాత ఆ రికార్డింగును శబ్దం తీసేసి చూడండి. పదేసి సెకన్ల ముక్కలుగా. ఇది నా సొంత తెలివి కాదు. డ్యానియెల్ బెంజమిన్, జెస్సీ షపీరో అనే ఆర్థికవేత్తలు అమెరికాలో గవర్నర్ ఎన్నికల చర్చల నుంచి పదేసి సెకన్ల ముక్కలు తీసి, శబ్దం లేకుండా, ఆ అభ్యర్థులెవరో తెలియని విద్యార్థులకు చూపించారు. 58 ఎన్నికలు. ఎవరు గెలిచి ఉంటారో చెప్పమంటే కాకతాళీయం అనుకోలేనంత బాగా చెప్పారు. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. అందులో నాకు నచ్చిన సంగతి వేరు: శబ్దం కలిపి చూపిస్తే అంచనా మెరుగుపడకపోగా తగ్గింది. విధానాల మాట చెవిన పడేసరికి కళ్లు చూసినదాన్ని పక్కన పెట్టినట్టున్నారు.

మీ రికార్డింగును అనుచరులకు చూపించకండి. వాళ్లు 'సూపర్ ఉంది అన్నా' అంటారు. మీరెవరో పెద్దగా పట్టని వాళ్లకు చూపించండి. పిల్లలైనా సరే. స్విట్జర్లాండులో అయిదు నుంచి పదమూడేళ్ల పిల్లలకు ఫ్రాన్స్ పార్లమెంటు అభ్యర్థుల ఫొటోలు జంటలుగా చూపించి, మీ పడవకు కెప్టెన్‌గా ఎవరిని పెట్టుకుంటారని అడిగితే, వారి ఎంపికలు చాలావరకు అసలు ఎన్నికల విజేతలతో కలిశాయి. ఇదీ 2009లో అచ్చైన అధ్యయనమే. చూపించాక 'బాగుందా' అని అడగవద్దు. 'ఈ మనిషికి ఇప్పుడు ఏమనిపిస్తోంది' అని అడగండి. వచ్చిన మాట వచ్చినట్టే కాగితం మీద రాసుకోండి. 'విసుగు', 'వెటకారం', 'భయం', 'నిద్ర' లాంటి మాటలు వస్తాయి. 'నిద్ర' అన్నవారి మీద కోపం తెచ్చుకోకండి, నిజమే అయి ఉంటుంది.

ఒక్క అలవాటునే పట్టుకోండి

కాగితం మీద పది లోపాలు కనిపిస్తాయి. పదీ ఒకేసారి సరిచేసుకుందామనుకుంటే వేదిక మీద మీరు పెళ్లిచూపుల్లో కూర్చున్న కుర్రాడిలా బిగుసుకుపోతారు. ఎక్కువమంది పట్టుకున్నది ఒక్కటి ఎంచుకోండి.

నేను చూసినవాటిలో ఎక్కువగా దెబ్బ తీసేవి: ఉంగరం తిప్పడం, కాలు ఊపడం, వెనక కూర్చున్న అనుచరుడి వైపు ఒరిగి గుసగుసలాడటం, ఎదుటివారు మాట్లాడుతుంటే ప్రేక్షకుల్లో మీవాళ్లను చూసి కనుబొమ్మలు ఎగరేయడం. కాలు ఊపడం గురించి ఒక సంగతి చెప్పాలి. టెంట్‌హౌస్ చెక్క వేదిక మీద ఒకరు కాలు ఊపితే వేదికంతా ఊగుతుంది, దాని మీద నిలబెట్టిన కెమెరా కూడా ఊగుతుంది. ఎవరు ఊపుతున్నారో వెతకడం కోసమే నేను ఆ కాలి మీదికి కెమెరా తిప్పిన సందర్భాలున్నాయి.

అలవాటును మానడం కష్టం, మార్చడం తేలిక. ఉంగరం తిప్పేవారు ఉంగరం ఇంట్లో పెట్టి రండి. కండువా సరిచేసుకునేవారు రెండు కొసలూ పిన్నుతో చొక్కాకు పెట్టుకోండి. ఇంకో లాభం కూడా ఉంది: వదులుగా ఉన్న కండువా కాలరు మైకుకు రాసుకుంటే మీ ప్రతి మాట వెనకా గరగర శబ్దం వస్తుంది. చేతులు ఏం చేయాలో తెలియనివారు చిన్న నోటు పుస్తకం, పెన్ను పట్టుకోండి. కానీ రాసేటప్పుడు రెండు మాటలు రాసి తల ఎత్తాలి. 2012 అక్టోబరు 3న డెన్వర్‌లో, అమెరికా అధ్యక్ష ఎన్నికల చర్చలో, ప్రత్యర్థి మిట్ రామ్నీ మాట్లాడుతున్నంతసేపూ బరాక్ ఒబామా తల వంచుకుని కాగితాల్లోకి చూస్తూ, రాసుకుంటూ కనిపించారు. తెర రెండు భాగాలుగా ఉండటంతో అది అందరికీ కనిపించింది. ఆ రాత్రి చర్చలో రామ్నీయే నెగ్గారని ఎక్కువమంది అనుకున్నారు. ఒబామా తర్వాతి చర్చల్లో మారి వచ్చి ఎన్నిక గెలిచారన్నది వేరే కథ.

వినడం ఎలాగో ఒగ్గు కథలో చూడండి

సభలకు అలవాటైన ఒళ్లు చర్చకు పనికిరాదు. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో చివరి వరుసవాడికి కూడా కనిపించాలని చేతులు పైకెత్తి ఊపుతారు, అక్కడ అది ధర్మమే. అదే ఊపు ఆరడుగుల దూరంలోని కెమెరాకు చూపిస్తే గొడవకు దిగినట్టు ఉంటుంది. వేలు చూపించి మాట్లాడటం మరీ చేటు. అరచేయి మొత్తం తెరిచి చూపితే అదే మాట అడిగినట్టుంటుంది, వేలు చూపితే నిలదీసినట్టుంటుంది.

మరి వినేటప్పుడు? ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ చూసే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు ప్రధాన కథకుణ్ని వదిలేసి పక్కన వంత పాడేవారిని చూడండి. మాట తమది కానప్పుడు కూడా వాళ్లు కథలోనే ఉంటారు. కళ్లు కథకుడి మీద ఉంటాయి, ఒళ్లు తేలికగా ముందుకు వాలి ఉంటుంది, ఎక్కడ అందుకోవాలో తెలుసు కనుక ముందే కంగారు పడరు. అభ్యర్థికి కావలసింది అదే.

కుర్చీలో కూర్చున్నాక రెండు పాదాలూ నేల మీద పెట్టండి. కాలు మీద కాలు వేయడం స్టూడియోలో చెల్లుతుందేమో, ఊరి పెద్దలు ఎదురుగా ఉన్న చోట అది పొగరుగానే కనిపిస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ చేతుల మీద మోచేతులు పెడితే భుజాలు చెవుల దాకా లేస్తాయి, చేతులు తొడల మీద పెట్టుకోండి. నోరు మూసి ముక్కుతో గాలి పీల్చండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. 2024 జూన్ 27న అట్లాంటా చర్చలో ట్రంప్ మాట్లాడుతుంటే జో బైడెన్ నోరు కాస్త తెరుచుకుని, చూపు ఎటో నిలిచిపోయి కనిపించారు. ఆయన మాట తడబడటమే పెద్ద దెబ్బ, కాదనను. కానీ తెర మీద పక్క పెట్టెలో ఉన్న ఆ మొహాన్ని చూసినవారికి మాట అందే లోపే మనసులో ఏదో పడిపోయింది. జులై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు.

ప్రేక్షకుల్లోంచి ఎవరైనా అడుగుతుంటే వారి మాట పూర్తయ్యేవరకు చూపు వారి మీదే ఉండాలి. కెమెరా వైపు కాదు, మీ కార్యకర్తల వైపు కాదు. వయసులో పెద్దవారు లేచి నిలబడితే మీరు కుర్చీలోంచి కాస్త లేచి నమస్కరించండి, ఒక్కసారి. ప్రతి ఒక్కరికీ లేస్తూ కూర్చుంటూ ఉంటే అది వినయంలా ఉండదు, కసరత్తులా ఉంటుంది.

ఈ పాఠానికి అన్నిటికంటే పేరుపడ్డ ఉదాహరణ 1992 అక్టోబరు 15న రిచ్‌మండ్‌లో జరిగింది. సభలోంచి ఒక మహిళ, దేశం నెత్తిన ఉన్న అప్పు మీ సొంత జీవితాన్ని ఎలా తాకిందని అడుగుతోంది. అధ్యక్షుడుగా ఉన్న పెద్ద బుష్ ఆ సమయంలో చేతి గడియారం చూసుకున్నారు. పైగా ప్రశ్న తనకు సరిగా అందలేదన్నారు. తన వంతు రాగానే బిల్ క్లింటన్ ఆమె వైపు నాలుగడుగులు నడిచి, ముందు మిమ్మల్ని అది ఎలా తాకిందో చెప్పమన్నారు. ఆ పూట గడియారం చూసుకుంటూ, ఇంకో పది నిమిషాలేగా అనుకున్నానని బుష్ తర్వాత ఎప్పుడో ఒప్పుకున్నారు. నేను కండువా వైపు కెమెరా పెట్టిన ప్రతిసారీ నాకు ఆ గడియారం గుర్తొస్తుంది.

మీ మీద అబద్ధం చెబుతున్నప్పుడు

అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఇదే, దీనికి విడిగా సాధన కావాలి. ఎదుటి అభ్యర్థి మీ కుటుంబం గురించో, భూమి గురించో లేనిపోనిది అంటున్నారు. ఒళ్లు తనంతట తాను మూడింటిలో ఒకటి చేస్తుంది: తల అడ్డంగా ఊపుతుంది, వెటకారంగా నవ్వుతుంది, నిట్టూరుస్తుంది. మూడూ వద్దు. 2000 అక్టోబరు 3న బోస్టన్ చర్చలో చిన్న బుష్ మాట్లాడుతుంటే ఆయన ప్రత్యర్థి అల్ గోర్ మైకులో వినిపించేలా పదేపదే నిట్టూర్చారు. విషయ పరిజ్ఞానం ఆయనదే ఎక్కువని చాలామంది ఒప్పుకున్నా ఆ నిట్టూర్పులు హాస్య కార్యక్రమాలకు సరుకైపోయాయి. మూడో చర్చలో గోర్ ఇంకో అడుగు ముందుకేసి, బుష్ మాట్లాడుతుండగా ఆయన పక్కకే నడిచి వెళ్లి నిలబడ్డారు. బుష్ ఒకసారి తిరిగి చూసి, తల పంకించి, తన మాట కొనసాగించారు. హాలంతా నవ్వింది. దగ్గరికి వెళ్లినవాడు చిన్నబోయాడు.

మీరు చేయగలిగింది ఒకటుంది. అబద్ధం పూర్తయ్యే వరకు ఆ మనిషినే చూడండి. పూర్తయ్యాక చేయి ఒక్కసారి, భుజం ఎత్తుకు మించకుండా, చర్చ నడిపేవారి వైపు ఎత్తండి. వంతు ఇస్తే చెప్పండి. ఇవ్వకపోతే పుస్తకంలో రెండు మాటలు రాసుకుని తల ఎత్తండి. రాసుకోవడం కనిపిస్తుంది, దీన్ని వదిలిపెట్టరు అని చూసేవారికి తెలుస్తుంది. ఇంట్లో సాధనలో తిట్టమన్న ఆ ఇద్దరితో ఈ ఘట్టాన్ని కనీసం పదిసార్లు చేయించండి. మూడోసారికి నవ్వు ఆగుతుంది, ఏడోసారికి తల ఊపడం ఆగుతుంది. నిట్టూర్పు ఆగడానికి ఇంకాస్త పడుతుంది.

మహిళా అభ్యర్థులకు ఒక మాట

స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. వేదిక మీద కూర్చున్న ఆమెను ప్రశ్న అడిగితే, జవాబుకు ముందు ఆమె చూపు మొదటి వరుసలో కూర్చున్న భర్త వైపు వెళ్లడం నేను ఎన్నోసార్లు తీశాను. అర సెకను కూడా ఉండదు. ఆ తర్వాత ఎంత గట్టిగా మాట్లాడినా, నడిపించేది ఆయనే అన్న మాట పడిపోతుంది. ఆమెకు విషయం తెలియక కాదు, ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఉన్న అలవాటు. పరిష్కారం సులువు: భర్తగారిని హాలు బయట కూర్చోబెట్టండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఇంకొకటి, దీనికి నా దగ్గర చిట్కా లేదు. మగవారిలో ధీమా అనిపించుకునేదే ఆడవారిలో పొగరు అనిపించుకుంటుంది. అందుకని నవ్వుతూ ఉండమని మహిళలకు సలహా ఇచ్చేవారు చాలామంది దొరుకుతారు. నేను ఇవ్వను. నాలాలో కొట్టుకుపోయిన ఇంటి గురించి వింటూ నవ్వమనడం ఏం సలహా?

బట్టలు, వెలుగు, చెమట

ఇవి అభ్యర్థి చేతిలో తక్కువ, నిర్వాహకుల చేతిలో ఎక్కువ, అయినా అడగండి. తెల్ల ఖద్దరు చొక్కా, వెనక తెల్ల ఫ్లెక్సీ, ముందు ఎల్ఈడీ లైటు ఉంటే కెమెరా ఆ తెలుపుకు తగ్గట్టు వెలుగు తగ్గించుకుంటుంది, మీ మొహం నల్లబడుతుంది. ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. ఖద్దరు మానమని చెప్పను, ఫ్లెక్సీ రంగు మార్చమనండి. 1960 సెప్టెంబరు 26న షికాగోలో కెనడీతో చర్చకు వచ్చినప్పుడు నిక్సన్ మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండి, బరువు తగ్గి వచ్చారు. లేత బూడిదరంగు సూటు వెనక తెరలో కలిసిపోయింది, చెమట తుడుచుకోవడం కెమెరాకు చిక్కింది. రేడియోలో విన్నవారు నిక్సన్ గెలిచారన్నారు, టీవీలో చూసినవారు కెనడీ అన్నారు అని చెప్పుకునే కథకు ఆధారం బలహీనం. అయితే 2003లో జేమ్స్ డ్రక్‌మన్ అనే రాజకీయ శాస్త్రవేత్త అదే చర్చను కొందరికి వినిపించి, కొందరికి చూపించి పరీక్షిస్తే, చూసినవారిలో కెనడీ మొగ్గు ఎక్కువగానే కనిపించింది. మే నెల వరంగల్ ఎండలో చర్చ అయితే అరగంట ముందే వచ్చి నీడలో కూర్చోండి. చేతిరుమాలు జేబులో మడిచి పెట్టండి. తుడుచుకోవలసి వస్తే మీ మాట ముగిశాక తుడుచుకోండి, ప్రశ్న వింటూ కాదు.

వీటిని నమ్మకండి

శిక్షణ ఇస్తామని వచ్చేవారు కొందరు 'మాటలకు ఏడు శాతమే విలువ, మిగతా తొంభై మూడు శాతం ఒంటి భాషే' అంటారు. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 ప్రయోగాలను తప్పుగా చదివితే వచ్చే అంకె అది. మాట ఒకటి, గొంతు ఒకటి, మొహం ఒకటి చెప్పినప్పుడు ఎదుటివారి ఇష్టాయిష్టాలను ఎలా అంచనా వేస్తామన్నదే ఆయన చూశారు. నాలా గురించిన ప్రశ్నకు ఏడు శాతం జవాబు చాలదు. అలాగే కాళ్లూ చేతులూ చాచి దర్జాగా రెండు నిమిషాలు ఉంటే ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం వస్తుందన్న 2010 నాటి అధ్యయనాన్ని తర్వాత ఇతరులు తిరిగి చేస్తే ఆ హార్మోన్ల మార్పు కనిపించలేదు. దాన్ని రాసినవారిలో ఒకరు 2016లో దానిని తాను నమ్మడం లేదని ప్రకటించారు కూడా. చూపును బట్టి అబద్ధం పట్టేస్తామనేవారి మాట సరేసరి: ఎన్నో అధ్యయనాలను కలిపి 2006లో వేసిన లెక్కలో సామాన్యులు సరిగ్గా చెప్పగలిగింది 54 శాతమే. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే.

మీ స్వభావాన్ని మార్చుకోమని కూడా నేను చెప్పడం లేదు. హన్మకొండ నుంచి పార్లమెంటుకు వెళ్లిన పీవీ నరసింహారావు మొహంలో ఏ భావమూ పలికేది కాదు. ఏ శిక్షకుడైనా మార్కులు వేస్తే సున్నా వచ్చేది. ప్రధానిగా, మెజారిటీ లేకుండా మొదలైన ప్రభుత్వాన్ని అయిదేళ్లు నడిపారు. నిశ్చలంగా ఉండే మొహం లోపం కాదు, వినడం లేదనిపించే మొహమే లోపం.

చర్చ రోజున

అందరికంటే ముందు వెళ్లండి. మీ కుర్చీలో కూర్చుని చూడండి, ఊగుతుంటే మార్పించుకోండి. మీ కుర్చీ పక్కవారి కుర్చీ కంటే కురచగా ఉందేమో చూడండి, ఒక్కోసారి కావాలనే పెడతారు. ఫోను డ్రైవరుకు ఇచ్చి రండి, చేతి గడియారం కూడా. మంచినీళ్ల సీసా మూత ముందే తీసి పెట్టుకోండి.

చివరగా కెమెరామన్ దగ్గరికి వెళ్లి రెండో కెమెరా ఎక్కడుందో అడగండి. మేము చెబుతాం, దాచవలసిన రహస్యం ఏమీ కాదు. ఆ కండువా నాలుగు సెకన్లు తీసింది నేనే. పూర్తి రికార్డింగు నిర్వాహకులకు ఇచ్చాను, ఎవరు కత్తిరించారో తెలియదు. ఆ రోజు ఉదయం ఆయన నా పక్కనుంచే వేదిక ఎక్కారు, నమస్కారం కూడా పెట్టారు. కెమెరా ఎటు తిరిగి ఉంటుందో మాత్రం అడగలేదు.